రెండు బారల దూరం

కొత్తలంకలో పడవ పడవని రాసుకోదు. వీధులన్నీ కాలవలైన ఊరు అది. సంత రోజున కాలవ నిండా పడవలే, అయినా ఏ రెంటి మధ్య చూసినా రెండు బారల నీళ్ళు ఖాళీగా ఉంటాయి. కూరల పడవ మీది మనిషి పొడవాటి వెదురు గెడ చివర బుట్ట తగిలించి వంకాయలు చాపుతుంది. కొనే ఆవిడ తన పడవలో కూర్చునే బుట్టలోంచి ఏరుకుంటుంది. బేరం మాత్రం ఊరంతా వినపడేలా అరుచుకుంటూ సాగుతుంది. గట్ల పొడుగునా పసుపురంగు గుంజలు పాతి ఉంటాయి. వాటి అవతలికి పిల్లలు అడుగు పెడితే తల్లులు రెక్క పట్టుకుని వెనక్కి లాగి, వీపు మీద ఒకటిస్తారు. ఎండాకాలం సాయంత్రాలు కూడా ఆ నీళ్ళలో ఒక్క తల కనపడదు.

సముద్రం లోపలికొచ్చి కొల్లేటిని తనలో కలుపుకున్నాక, మునిగిన ఊళ్ళ జనం స్తంభాల మీద కట్టుకున్న ఊరు కొత్తలంక. రాజధాని నించి వచ్చే పెద్దమనుషులు ఈ ఖాళీలు చూసి ‘ఎంత క్రమశిక్షణ!’ అని మెచ్చుకుని, ఫొటోలు తీసుకుని, చేపల పులుసు తిని వెళ్ళిపోతారు. డాక్టర్ తాయారుకి కూడా అవి చూస్తే గర్వంగానే ఉండేది. ఆ ఖాళీలు ఆమె కనిపెట్టిన యంత్రం వల్ల వచ్చినవే మరి.

తాయారంటే ఏ పండు ముసలమ్మో అనుకునేరు. ఆమెకి నలభై దాటాయంతే. ఆ కాలంలో పాత పేర్లన్నీ తిరిగొచ్చాయి. తాతలేమో రిత్విక్‌లూ అయాన్‌లూ, మనవలేమో భీమరాజులూ కోటయ్యలూను.

యంత్రం పేరు నీటిసాక్షి. దాని సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. నీళ్ళలో తేలిన శవం పోలీసులని ఏనాటినించో ఏడిపిస్తూనే ఉంది. మునిగి చచ్చిపోయాడా, చంపి నీళ్ళలో పడేశారా? తనే పడ్డాడా, ఎవరైనా తోశారా? మొదటి ప్రశ్నకి పాతకాలపు వైద్యులు ఒక దారి చూపించారు. కాలవ నీళ్ళలో కంటికి కనపడని గాజుపాచి ఉంటుంది. డయాటమ్‌లంటారు. ఒక్కొక్క కణం చుట్టూ గాజు పెంకు ఉంటుంది. మనిషి ప్రాణంతో మునిగితే నీళ్ళతో పాటు ఆ పాచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి రక్తం దాన్ని ఎముకల్లోని మూలుగ దాకా మోసుకెళ్తుంది. చచ్చాక నీళ్ళలో పడేస్తే గుండె ఆడదు, మూలుగలోకి పాచి చేరదు. అందుకని తొడ ఎముక పగలగొట్టి, మూలుగని ఆసిడ్‌లో కరిగించి, మిగిలిన గాజుని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసేవారు. అదీ అన్నిసార్లూ నమ్మదగినది కాదు. రెండో ప్రశ్నకైతే ఎవరి దగ్గరా జవాబే లేదు. నీళ్ళ మీద వేలిముద్రలు పడవు.

కొత్తలంక కట్టిన కొత్తల్లో ఆ సంగతి అందరికన్నా ముందు హంతకులు గ్రహించారు. ఆస్తి తగాదా వచ్చినా, పెళ్ళాం మీద అనుమానం వచ్చినా, గట్టు మీంచి ఒక్క తోపు తోస్తే సరిపోయేది. ‘కాలు జారింది’ అన్నంత తరచుగా ఆ రోజుల్లో ఊళ్ళో మరే అబద్ధమూ వినపడలేదు.

తాయారు డయాటమ్‌నే మార్చేసింది. ఆమె ప్రయోగశాలలో పుట్టిన ముద్రపాచికి జిగురుంటుంది. మనిషి నీళ్ళలో ఉంటే చర్మం పొలుసులూ చెమటా రాలుతూనే ఉంటాయి. రెండు బారల లోపల ఉన్న ముద్రపాచి వాటిని పెంకుకి అంటించుకుని, కాసేపయ్యాక వదిలేస్తుంది. ఆలోపల అక్కడ ఎవరైనా మునిగితే ఆ పాచి వాళ్ళ మూలుగలోకి చేరి అక్కడే ఉండిపోతుంది. నీటిసాక్షికి ఒక్క చుక్క మూలుగ చాలు. పెంకుల మీది చర్మముద్రలని చదివి, పుట్టగానే అందరి దగ్గరా తీసుకునే జన్యు నమూనాలతో పోల్చి, చివరి క్షణాల్లో పక్కన ఎవరున్నారో పేర్లతో సహా చెప్తుంది. పాచి మోతాదుని బట్టి ఎంతసేపు పెనుగులాడారో కూడా చెప్తుంది.

ప్రభుత్వం డెల్టా కాలవలన్నిటిలోనూ ముద్రపాచి చల్లించింది. పేరు పడినవాడు తన తప్పు లేదని తనే రుజువు చేసుకోవాలని చట్టం తెచ్చింది. నీళ్ళలో తోసి చంపడం ఆగిపోయింది. తాయారు ఇంట్లో శాలువాలు పెట్టడానికి బీరువా చాలలేదు. ఇప్పుడు దేశంలోని నదులన్నిటికీ నీటిసాక్షిని పెట్టాలన్న ప్రతిపాదన ఢిల్లీలో ఆఖరి సంతకం కోసం కాచుకుని ఉంది.

ఆ ఉదయం ప్రయోగశాలలో బల్ల మీద ఉన్నది చదువుకునే వయసు పిల్ల. ఒక కాలికి ఇంకా చెప్పు ఉంది.

“ప్రాణంతో మునిగింది,” అంది నీటిసాక్షి. దాని గొంతు రేవులో పడవల వేళలు చదివే గొంతులా ఉంటుంది, తొందరా ఉండదు, విసుగూ ఉండదు. “పెనుగులాట దీర్ఘం. సమీప వ్యక్తులు ఎవరూ లేరు. నిర్దోష మరణం. మీ ఆమోదం కావాలి డాక్టర్.”

“ఎక్కడ పడింది?” అని అడిగింది తాయారు.

“సంత కాలవలో మేడమ్, పట్టపగలు,” అన్నాడు భీమరాజు. ఆమె దగ్గర పనిచేసే శాస్త్రవేత్త. కర్నూలు వైపు మనిషి, ఈత రాదు, నీళ్ళంటే అంతగా గిట్టదు. “మొన్నటి ముసలాయనా అంతే. పోయిన వారం తల్లీ కొడుకూ అంతే. అందరూ చాలాసేపు కొట్టుకున్నారు. ఒక్కరి మూలుగలోనూ పేరు లేదు.”

“పట్టపగలు సంత కాలవలో అంతసేపు కొట్టుకుంటుంటే ఒక్కడైనా దూకకుండా ఉంటాడా? దూకినవాడి పేరైనా పడాలి గదా!” తాయారు చేతి తొడుగులు విప్పి బల్ల మీద కొట్టింది. “దీనికి చూపు మందగించింది రాజూ. సముద్రపు ఉప్పు ఎక్కువై పాచి జిగురు పోయుండాలి. లేకపోతే ఎవడో గడుగ్గాయి ఒంటికి ఏదో నూనె పూసుకుని దిగుతున్నాడు. నీళ్ళ అడుగునించి కాళ్ళు పట్టి లాగుతున్నాడు.”

భీమరాజు తటపటాయించాడు. “అసలెవరూ దిగలేదేమో మేడమ్.”

తాయారు నవ్వేసింది. “నీది ఈ ఊరు కాదు, అందుకని అలా అంటున్నావు.”

ఆమెది ఈ ఊరు. ఈ ఊళ్ళో నడక రాకముందే పిల్లల నడుముకి సొరకాయ బుర్రలు కట్టి నీళ్ళలో వదిలేవారు. ‘పడ్డారహో’ అన్న కేక వినపడితే తింటున్న కంచం వదిలేసి దూకేవారు. అలా దూకి ఎవరినైనా గట్టుకి చేర్చినవాడు ఆ ఇంటికి చుట్టమైపోయేవాడు. గట్టు మామయ్య అనేవారు. ఏటా ఆ రోజున ఆ ఇంటివాళ్ళు అతనికో కొత్త తువాలు తీసుకెళ్ళి భుజాన వేసి రావాలి. ఒళ్ళు తుడుచుకోవడానికి పొడి తువాలన్నమాట. వేరే ఏమిచ్చినా పుచ్చుకోరు. తాయారుకీ ఒక గట్టు మామయ్య ఉన్నాడు. చిన్నప్పుడు లాకుల దగ్గర సుడిలో పడితే జుట్టు పట్టుకుని లాగింది ఆయనే. ముంగర రిత్విక్ అంటే ఒకప్పుడు ఊళ్ళోకెల్లా పేరుపడ్డ గజ ఈతగాడు. ఇప్పుడు సంత మెట్ల దగ్గర పడవలో టీ కాస్తాడు.

ఆయనే ఆ మధ్యాహ్నం ప్రయోగశాలకి వచ్చాడు. డెబ్భై దగ్గర పడ్డా భుజాలు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“అమ్మాయ్, దాసుగాడి కేసు వచ్చే సోమారం హైకోర్టులో పిలుత్తారంట,” అన్నాడు.

దాసు ఆయన ఒక్కగానొక్క కొడుకు. పోయిన వానాకాలం ఐసు పడవ మీంచి జారిపడిన ఒకావిడ కోసం దూకాడు. గట్టుకి లాగేసరికే ఆవిడ ప్రాణం పోయింది. మూలుగలో ఒకటే పేరు, దాసు. చూసినవాళ్ళు లేకపోలేదు గానీ, ‘తోశాడో లాగాడో దూరం నించి మాకెట్టా తెలుసుద్దండీ’ అని తప్పుకున్నారు. కింది కోర్టు యావజ్జీవం వేసింది.

“నేనడిగేది ఒక్క మాటేనమ్మా. తోసిన చెయ్యేదో లాగిన చెయ్యేదో నీ మిషనుకి తెలవదు. అవునా, కాదా?”

అవుననే తాయారుకి తెలుసు. ముద్రపాచికి చెయ్యి అంటే చెయ్యే. ఆ సంగతి ఆమె తన మొదటి పరిశోధన పత్రంలో చివర్న చిన్న అక్షరాల్లో రాసింది కూడా. జడ్జీలు అంతదాకా చదవలేదు, ఆమె చదివించలేదు.

“ఆ మాటే కోర్టులో చెప్పు. నువ్వు చెప్తే ఇంటారు. ఆడు బయటికొస్తాడు.”

“చెప్తాను మామయ్యా. ఢిల్లీ సంతకం ఒక్కటి కానీ. ఇప్పుడు ఆ మాట అంటే పాత కేసులన్నీ తిరగదోడతారు. నిజంగా చంపినవాళ్ళు కూడా బయటికొచ్చేస్తారు.”

“సంతకం సోమారం లోపల అవుద్దా?”

“ఏమో, చెప్పలేను.”

రిత్విక్ గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. “నా కొడుకొక్కడి సంగతే కాదమ్మా. ఇప్పుడు కాలవలో దిగేవోడు లేడు. నిన్న ఆ పిల్ల పడ్డప్పుడు నేను పాల కోసం పోయా. వచ్చేటప్పటికి తేలింది. గట్టు మీద తిరణాలంత మంది ఉన్నారు, తెల్సా?”

కొడుకు జైలుకి పోయిన బాధలో ఊరందరి మీదా కసి పెంచుకున్నాడనుకుంది తాయారు. ఆ జనమే కదా తనని ఒకనాడు పొడి బట్టల్లో చుట్టి ఇంటికి మోసుకెళ్ళింది. “మనవాళ్ళు అలాంటివాళ్ళు కారు మామయ్యా, యంత్రంలోనే ఏదో లోపముంది. నాలుగు రోజుల్లో తేల్చేస్తాను,” అంది.

“నీకు మిషను మీద కంటే మడుసుల మీద నమ్మకం ఎక్కువ,” అన్నాడు రిత్విక్. మెచ్చుకున్నాడో ఎత్తిపొడిచాడో ఆమెకి తెలియలేదు. ఆయన వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక ఆమెకి ఒక ఆలోచన వచ్చి, ప్రాణం కాస్త కుదుటపడింది. యంత్రానికి చూపు మందగించిందని తేలితే దాసు కేసూ దానంతటదే వీగిపోతుంది. తోసిన చెయ్యీ లాగిన చెయ్యీ అంటూ తను నోరు విప్పనక్కర్లేదు. పాచిని కాస్త సరిచేశామంటే ఢిల్లీవాళ్ళూ కాదనరు. మనసు ఇలాంటి దారులు భలే వెతుకుతుంది.

మర్నాడే భీమరాజు చేత బొమ్మ చేయించింది. పదేళ్ళ పిల్లంత రబ్బరు బొమ్మ. ఛాతీలో గుండెలా కొట్టుకునే పంపు, ఊపిరితిత్తుల చోట రెండు సంచులు, తొడలో మూలుగకి బదులు ఒక రకం జెల్లీ. చేతులు కొట్టుకుంటుంది, తల పైకి తేలినప్పుడల్లా ‘అమ్మా’ అని అరుస్తుంది. దానికి గౌను తొడిగి, సవరం అతికించారు. నీటివాలుకి కొట్టుకుపోకుండా ఒక తీగతో అడుగున రాయికి కట్టాలనుకున్నారు. సంత కాలవలో దీన్ని వదిలితే జనం దూకుతారు. దూకినవాళ్ళ పేర్లు జెల్లీలో పడాలి. పడకపోతే పాచి పాడైందని రుజువైనట్టే. ముందే చెప్తే ఎవరూ దూకరు కాబట్టి, ఇన్‌స్పెక్టర్ కోటయ్యకి తప్ప ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. రిత్విక్‌కీ చెప్పలేదు.

ప్రయోగం పెట్టుకున్నది కార్తీకంలో, చిన్నప్పుడు తాయారుని మామయ్య నీళ్ళలోంచి తీసిన రోజునే. తువాలు కొని సంచిలో పెట్టుకుంది. పని అయ్యాక మామయ్య భుజాన వేసి, ఆ టీ పడవలోనే కూర్చుని, దాసు వచ్చేస్తాడని చెప్దామనుకుంది.

మధ్యాహ్నం సంత జోరుగా ఉంది. భీమరాజు మూత పడవలో వచ్చి, అడుగు తలుపులోంచి బొమ్మని కాలవ నడుమ వదిలి, వంతెన అవతలికి వెళ్ళిపోయాడు. తాయారు సంత మెట్ల మీద జనంలో నిలబడింది. పక్కన మామూలు బట్టల్లో కోటయ్య.

“అమ్మా!” అని అరిచింది బొమ్మ.

“పడ్డారహో!” అన్నారెవరో. తాయారు చిన్నప్పటి కేక అది.

వెంటనే కాలవలో కదలిక మొదలైంది. పడవలన్నీ కదిలాయి, కానీ వెనక్కి. తెడ్లు గబగబా పడ్డాయి. బొమ్మ చుట్టూ నీళ్ళు ఖాళీ అయ్యాయి. గట్టు మీద పసుపు గుంజల వెనక జనం బారులు తీరారు. ఒకావిడ నీళ్ళు చిందకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. ఒకాయన మనవణ్ణి చంకనెత్తుకుని, “కనపడతందా?” అని అడుగుతున్నాడు. దగ్గర్లో ఉన్న పడవవాడు పాపం గెడ చాపబోయాడు. వెనకనించి వాళ్ళావిడ లాగేసింది.

“గెడకి నీ చెమట అంటుకుని ఉంటదయ్యా! అదీ రాలుద్ది. దాసుగాడు ఎక్కడున్నాడో మర్చిపోయావా?”

అతను గెడ వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని, దాన్ని తుండుగుడ్డతో తుడిచాడు కూడా.

“అమ్మా!” అని బొమ్మ అరుస్తోంది. జనం నిలబడి చూస్తున్నారు. వాళ్ళేం రాళ్ళు కారు. చాలామంది ఏడుస్తున్నారు. “అయ్యో తల్లీ, ఎవరి బిడ్డవో,” అని గుండెలు బాదుకుంటున్నారు. ఏడుస్తూనే కాళ్ళు చూసుకుంటున్నారు, గుంజ దాటాయేమోనని.

నూనె పూసుకున్న గడుగ్గాయి ఎవడూ లేడని తాయారుకి అర్థమైంది. యంత్రానికి చూపు మందగించలేదు. అది చెప్పినదంతా నిజమే. ఆ పిల్ల, ఆ ముసలాయన, ఆ తల్లీ కొడుకూ, అందరూ ఇంత జనం ముందు ఇలాగే అంతసేపు కొట్టుకున్నారు. “ఆపేద్దాం, బొమ్మని తీయించండి,” అని తాయారు కోటయ్య వైపు తిరిగింది.

అప్పుడే టీ పడవ వైపునించి గ్లాసులు పడిన చప్పుడైంది.

“తాతా, వద్దు! పేరు పడుద్ది!” అని పదిమంది అరిచారు.

“పడితే పడనియ్యండెహె,” అన్నాడు రిత్విక్. చొక్కా విప్పను కూడా విప్పకుండా దూకేశాడు.

ఈత మర్చిపోలేదు. నాలుగు బారలు వేసి బొమ్మని అందుకుని, ఎన్నో తలలని పట్టిన చేత్తో జుట్టు పట్టుకున్నాడు. సవరం ఊడి చేతిలోకి వచ్చింది. ఆయన దాన్ని చూశాడు, బొమ్మ మొహం చూశాడు. మొహమంతా నవ్వు పరుచుకుంది.

“బొమ్మర్రా! పిల్ల కాదు, బొమ్మ!” అని గట్టు వైపు అరిచాడు. ఆ సంతోషం చూసి గట్టు మీద కూడా కొందరు నవ్వారు.

వెనక్కి తిరగబోయాడు. బొమ్మని కట్టిన తీగ ఆయన కాలికి చుట్టుకుంది. ఒకసారి మునిగి లేచాడు. దగ్గాడు. మళ్ళీ మునిగాడు. లేచినప్పుడు మొహంలో నవ్వు లేదు. కళ్ళు గట్టు మీద వెతికాయి, మెట్ల మీద తాయారు దగ్గర ఆగాయి. ఆమెకి ఈత వచ్చని ఆయనకి తెలుసు. నేర్పినవాడు ఆయనే.

తాయారు మెట్లు దిగింది. ఆఖరి మెట్టు దాకా దిగింది.

“మేడమ్, ఆగండి,” అన్నాడు కోటయ్య వెనకనించి, గొంతు తగ్గించి. “రక్షక పడవకి చెప్పేశాను, వస్తంది. పెద్దాయనకి ఏదన్నా అయితే మీ పేరు పడుద్ది. మీ పేరే పడితే ఇంకేమన్నా ఉందా?”

రక్షక పడవలు ఒకప్పుడు ప్రతి కాలవలోనూ ఉండేవి. హత్యలు తగ్గాయని తీసేశారు. మిగిలినదొకటి ఊరి అవతలి రేవులో ఉంటుంది. దాని సిబ్బంది ఒళ్ళంతా మూసుకునే తొడుగులు వేసుకుంటే గానీ కదలరు.

తాయారు నీళ్ళ వైపు చూసింది. దూకితే అందుకోగలదు. అందుకున్నాక ఆయన బతకకపోతే? మూలుగలో ఒకటే పేరుంటుంది. కట్టిన తీగ తనది, బొమ్మ తనది, చివరికి పేరూ తనదే. తోశావా, లాగావా అని అడుగుతారు. లాగానంటే, నీ యంత్రం అలా చెప్పలేదే అంటారు. నిజమే, అది అలా చెప్పలేదు. దానికి చెప్పడం తను నేర్పలేదు. ఢిల్లీలో సంతకం ఆగిపోతుంది. పడవ వచ్చేస్తోంది. ఆయన గజ ఈతగాడు, తట్టుకుంటాడు. ఇన్ని ఆలోచనలు ఒకేసారి వచ్చాయి. ఒక్కదానికీ తప్పు పట్టడానికి లేదు, అంత చక్కగా ఉన్నాయి.

అల వచ్చి ఆమె చెప్పుని తడపబోయింది. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

తీసుకున్నానని ఆమెకి ఆ తరవాత చాలాసేపటికి గానీ తెలియలేదు. తెలిసేసరికి కాలవ నడుమ బొమ్మ ఒక్కటే చేతులు కొట్టుకుంటోంది. వెనక మెట్ల మీద జనం ఎలా నిలబడ్డారో ఆమె కూడా అలాగే నిలబడి ఉంది, సంచిని గుండెకి హత్తుకుని.

ప్రయోగశాలలో భీమరాజు ఆమె మొహం చూడకుండా పనిచేశాడు. ముందు బొమ్మ తొడలోంచి జెల్లీ తీసి యంత్రానికి ఇచ్చాడు.

“సమీప వ్యక్తులు ఒకరు,” అంది నీటిసాక్షి. “ముంగర రిత్విక్.”

“యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది మేడమ్,” అన్నాడు భీమరాజు. “చట్టప్రకారం ఈ బొమ్మని చంపింది ఆయనే.” అని, తొడుగులు విప్పి పారేసి బయటికి వెళ్ళిపోయాడు.

రెండో చుక్క, రిత్విక్ మూలుగలోది, తాయారే తీసింది. సూది సరిగ్గానే దిగింది.

“ప్రాణంతో మునిగాడు. పెనుగులాట దీర్ఘం. సమీప వ్యక్తులు ఎవరూ లేరు. నిర్దోష మరణం. మీ ఆమోదం కావాలి డాక్టర్.”

“మళ్ళీ చదువు.”

“చదివాను. సమీప వ్యక్తులు ఎవరూ లేరు.”

“నా పేరు ఉందేమో చూడు. మెట్టు దాకా వెళ్ళాను. చాలా దగ్గరగా ఉన్నాను. చూడు!”

“మీ పేరు లేదు డాక్టర్. మీరు నీటిలో లేరు.”

“గట్టు మీద ఉన్నవాళ్ళ సంగతి?”

“నాకు నీటిలో ఉన్నవాళ్ళే తెలుస్తారు.”

ఆమె కూలబడి ఏడ్చింది. ఏడ్చి, లేచి, సంచిలోంచి తువాలు తీసి రిత్విక్ తల తుడవబోయింది. చేతులు రాలేదు. మడత విప్పకుండానే ఆయన భుజాన పెట్టింది.

సాయంత్రానికి జైలు నించి దాసుని తీసుకొచ్చారు. తండ్రి శవం తీసుకోవడానికి ఒక్క పూట వదిలారు. వెనక కోటయ్య నిలబడ్డాడు. దాసు చాలాసేపు తండ్రి పాదాల దగ్గరే నిలబడ్డాడు. తీగ కోసుకుపోయిన చీలమండని చేత్తో నిమిరాడు. అప్పుడు భుజాన ఉన్న కొత్త తువాలు కనపడింది. దాన్ని పట్టుకు చూశాడు. ఎక్కడా తడి లేదు.

“వదినా,” అన్నాడు. గట్టు మామయ్య కొడుకు కాబట్టి ఎప్పుడూ అలాగే పిలుస్తాడు. “మా నాయన పడ్డప్పుడు నువ్వక్కడ ఉన్నావా?”

తాయారు నోరు తెరిచింది. కోటయ్య గోడ మీది దీపం వైపు చూస్తున్నాడు.

“సమీపంలో ఎవరూ లేరు,” అంది నీటిసాక్షి. దాన్ని అడిగారనుకుంది. “నిర్దోష మరణం.”

తాయారు తెరిచిన నోరు మూసుకుంది. దాసు యంత్రం వైపు చూశాడు, తరవాత ఆమె వైపు చూశాడు. తనని జైల్లో పెట్టిన గొంతు అది. దానికి ఎదురు చెప్పే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతే ఎదురుగా నిలబడి ఉంది.

“అది అబద్ధం చెప్పదు గదా వదినా?” అని అడిగాడు.

తాయారు చెయ్యి ఆమోదం మీటని వెతుక్కుంది.

“చెప్పదు,” అంది.